పాత టైమ్ ట్రయల్ సైకిల్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో 1950ల నాటి బ్రిటిష్ టైమ్ ట్రయల్ సైకిల్ ఒకదాన్ని, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే సైకిల్‌ని, నేనెలా కట్టుకున్నానో రాశాను. ఫ్రేము ఒకచోట, చక్రాలు ఇంకోచోట కొని, ఏడాదిన్నర తంటాలు పడి, చివరికి దాని మీద మా క్లబ్బు వాళ్ల 10 మైళ్ల పోటీ తొక్కిన సంగతి. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఎక్కువ ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లవే, రెండు మూడు హైదరాబాద్ నుంచి, ఒకటి రాజమండ్రి నుంచి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను.

ప్రశ్న (లెస్టర్ నుంచి): మా ఊరి బయట వేసవి సాయంత్రాలు సైకిళ్లవాళ్లు నిమిషానికొకరు చొప్పున బయల్దేరుతుంటారు. అందరివీ కార్బన్ సైకిళ్లే. ఒక పెద్దాయన మాత్రం సన్న గొట్టాల స్టీలు సైకిల్ మీద, గేర్లు లేకుండా, కాళ్లు ఒక్క క్షణం ఆపకుండా తొక్కుతున్నారు. ఇదేం పోటీ అండీ? పక్కపక్కన వెళ్లకపోతే దాన్ని పోటీ అంటారా?

జవాబు: అంటారండీ, దాని పేరే టైమ్ ట్రయల్, నన్నడిగితే అసలు పోటీ అదే. ముందు వెళ్లేవాడి వెనక చేరి గాలి తప్పించుకోవడం కుదరదు. 10, 25, 50, 100 మైళ్లకు ఎంత సమయం పట్టిందో చూస్తారు, లేదా 12 గంటల్లో, 24 గంటల్లో ఎంత దూరం వెళ్లారో కొలుస్తారు. ఎదురుగాలి వస్తే అది మీ ఒక్కరి గాలే.

ఇది ఇలా తయారవడానికి కారణం ఒక గుర్రం. 1894 జులైలో నార్త్ రోడ్ క్లబ్ వాళ్లు రోడ్డు మీద పోటీ పెడితే, సైకిళ్లు దాటుతుండగా ఒక బండి గుర్రం బెదిరి పైకి లేచింది, తొక్కేవాళ్లు పడ్డారు, ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లింది. రోడ్డు మీద గుంపుగా పోటీ పెడితే సైకిళ్లనే మొత్తానికి రోడ్డెక్కనివ్వరేమో అని అప్పటి సైక్లింగ్ సంఘానికి భయం పట్టుకుంది. ఆ రోజు పోటీలో తొక్కిన ఎఫ్. టి. బిడ్‌లేక్ అనే ఆయనే మరుసటి ఏడాది దారి చూపించారు: ఒక్కొక్కరిని విడిగా వదులుదాం, చూసేవాళ్లకి అది పోటీలాగే కనపడదు. అలా 1895 అక్టోబర్ 5న 50 మైళ్ల మొదటి టైమ్ ట్రయల్ జరిగింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఇదంతా గుట్టుగానే నడిచింది, తెల్లారగట్ల మొదలుపెట్టేవారు, మెడ నుంచి మడమల దాకా నల్ల బట్టలు వేసుకునేవారు, దారి పేరు బయటికి చెప్పకుండా ఒక అక్షరం, కొన్ని అంకెలతో గుర్తు పెట్టుకునేవారు. ఆ గుర్తులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, మీ ఊరి దారికి కూడా ఒకటి ఉంటుంది, అడిగి చూడండి.

ఆ సైకిళ్లు అలా ఉండటం కూడా దీనివల్లే. తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, ఎక్కువ ఎత్తుపల్లాలు లేని దారిలో వెళ్లి మలుపు తిరిగి రావడం, అంతే కదా పని. పది గేర్లు మోయాల్సిన అవసరం ఏముంది? ఒక్క గేరు, తక్కువ బరువు, నిటారుగా కోసిన ఫ్రేము. ఆ పెద్దాయన్ని వచ్చే వారం తప్పకుండా పలకరించండి, ఆయన ఇంటి షెడ్డులో మీకు పనికొచ్చే సామాను ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ప్రశ్న (బర్మింగ్‌హామ్ నుంచి): మీ వ్యాసం చదివిన ఊపులో వేలంలో ఒక ఫ్రేము కొనేశాను. 1950ల మొదట్లోది అన్నారు, రెనాల్డ్స్ 531 అని స్టిక్కర్ ఉంది. చక్రాలు లేవు, ఏమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో మా ఆవిడ రోజూ అడుగుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరుండే ఊళ్లోనే పుట్టిన గొట్టం అది. రెనాల్డ్స్ వాళ్లు 1935లో 531 తెచ్చారు, మాంగనీస్, మాలిబ్డినం కలిపిన స్టీలు. అతుకు పడే రెండు చివర్లలో గోడ మందంగా, మధ్యలో పల్చగా లాగుతారు, అందుకే అంత తేలిక. కాకపోతే స్టిక్కర్లు కొత్తవి కూడా అమ్ముతారు, కాబట్టి స్టిక్కర్ని కాదు, సీటు గొట్టాన్ని నమ్మండి. లోపల 27.2 మిల్లీమీటర్ల సీటు పోస్టు సరిగ్గా దిగితే అది మంచి గొట్టమే అనడానికి గట్టి గుర్తు. 26 దగ్గర ఆగిపోతే మందపు గొట్టమో, లేక ఎవరో బిగించి బిగించి నొక్కేశారో చూసుకోవాలి.

ఇప్పుడు ముందు చేయాల్సింది కొనడం కాదు, కొలవడం. వెనక చక్రం కూర్చునే చోట వెడల్పు ఎంత? 110 మిల్లీమీటర్లు అయితే గేర్లు లేని ట్రాక్ చక్రానికి, 120 దగ్గర ఉంటే ఐదు పళ్లచక్రాల గేర్లకి కట్టారు. కింద పెడల్ ఇరుసు కూర్చునే గొట్టంలో మరలు బ్రిటిష్ అయి ఉండాలి, అంటే చైను వైపు కప్పు ఎడమ మర, అపసవ్యంగా తిరుగుతుంది. ఈ ఒక్కటి తెలియక కండబలంతో తిప్పి మరలు పాడుచేసినవాళ్లు ఎందరో. ఇటాలియన్ ఫ్రేములకి రెండు వైపులా కుడి మరే, దాని కొలత కూడా వేరు. హ్యాండిల్ కాడ 22.2 మిల్లీమీటర్లు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని అప్పుడు సామాన్ల వేటకి వెళ్లండి.

రెండో పని, ఒక సంవత్సరం ఎంచుకోండి. ఇది నా పట్టుదల అనుకోండి. 1952 అనుకుంటే 1952 దాకా వచ్చిన సామానే. ఎందుకంటే, ఆ ఫ్రేముకి 1980ల బ్రేకులు, 1960ల క్రాంకులు (పెడల్ బిగించే కాడలు) పెడితే సైకిల్ నడుస్తుంది గానీ ఆ కాలం మనిషి ఏం అనుభవించాడో మీకు తెలీదు, మరి ఇంత కష్టపడేది దానికోసమే కదా. విలియమ్స్ వాళ్ల కాటర్ పిన్ను (ఇరుసుకి బిగించే చీల) క్రాంకులు, హార్డెన్ హబ్బులు, సన్న అల్యూమినియం రిమ్ములు, తోలు సీటు. కాటర్ పిన్ను గురించి మన పాత సైకిల్ షాపులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, సుత్తితో కొట్టేముందు క్రాంకు కింద ఇనప గొట్టం ఆనించండి, లేకపోతే ఆ దెబ్బంతా బేరింగులకే తగులుతుంది.

గేరు లెక్క ఇది: ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి 27తో, అంటే చక్రం ఎత్తు అంగుళాలతో, గుణించాలి. 48, 16 పళ్లకి 81 అంగుళాలు, ఆ రోజుల్లో క్లబ్బువాళ్లు బాగా వాడిన గేరు. పెడల్ ఒక చుట్టుకి దాదాపు 6.46 మీటర్లు. 25 మైళ్లు గంటలో తొక్కాలంటే ఆ గేరు మీద నిమిషానికి దాదాపు 104 చుట్లు, గంటసేపు, ఒక్కసారి కూడా కాలు ఆపకుండా, ఎందుకంటే కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉండదు, దీన్నే ఫిక్స్‌డ్ అంటారు. మొదటి నెల మీరు 70, 72 అంగుళాల గేరుతో తిరగండి. కాళ్లు ఆపబోతే సైకిల్ మిమ్మల్ని పైకి విసురుతుంది, అది ఒళ్లు నేర్చుకునేదాకా ట్రాఫిక్‌లోకి వెళ్లొద్దు. ముందు బ్రేకు తప్పనిసరి, ఇంగ్లండు చట్టం కూడా అదే అంటుంది, ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనక బ్రేకుగా లెక్కిస్తారు గానీ ముందుది ఉండి తీరాలి.

ఒక చిన్న సంగతి చాలామంది మర్చిపోతారు. మీ ఫ్రేము 27 అంగుళాల చక్రాలకి కట్టిందైతే, పోటీకి వాడే, టైరుని జిగురుతో అంటించే ట్యూబులర్ రిమ్ము దానికంటే చిన్నది, బ్రేకు కట్టె 4 మిల్లీమీటర్లు ఎక్కువ కిందికి అందాలి. అప్పట్లో వాళ్లు రెండు జతల చక్రాలతో బతికారు! మామూలు చక్రాల మీద, మడ్‌గార్డులతో, పోటీ చక్రాల జతని ముందు ఇరుసుకి అటొకటి ఇటొకటి కట్టుకుని ఇంటి నుంచి తొక్కుకుంటూ వచ్చి, రోడ్డు పక్కన అన్నీ విప్పి, చక్రాలు మార్చి, పోటీ తొక్కి, మళ్లీ బిగించుకుని ఇంటికి వెళ్లేవారు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఫ్రేము నంబరుని బట్టి ఏ సంవత్సరమో తెలుసుకోవాలంటే వెటరన్ సైకిల్ క్లబ్ ఉంది, 1955 నుంచీ నడుస్తోంది, అందులో ఒక్కో కంపెనీ గురించి బాగా తెలిసినవాళ్లు ఉంటారు. రంగు మాత్రం తొందరపడి వేయించకండి. పాత రంగు కింద పాత పేరు ఉండొచ్చు. మీ ఆవిడకి ఈ జవాబు చూపించండి, కనీసం ఏడాది పడుతుందని ముందే చెప్పేస్తే ఇద్దరికీ మంచిది.

ప్రశ్న (రెడింగ్ నుంచి, ఇంకా ఇద్దరు): ట్యూబులర్ టైర్లు రిమ్ముకి అంటించాలట కదా. పంక్చర్ సొల్యూషన్ సరిపోతుందా?

జవాబు: అస్సలు చాలదు. మలుపులో టైరు ఊడి వస్తే మనిషి నేరుగా రోడ్డు మీదే. దానికి వేరే జిగురు దొరుకుతుంది. ముందు టైరుని జిగురు లేకుండా రిమ్ముకి ఎక్కించి, గాలి కొట్టి ఒకటి రెండు రోజులు వదిలేయండి, సాగుతుంది. తర్వాత రిమ్ముకి ఒక పూత, టైరు అడుగు పట్టీకి ఒక పూత, రాత్రంతా ఆరనివ్వాలి, మర్నాడు ఇంకో పల్చటి పూత వేసి, వాల్వు దగ్గర మొదలుపెట్టి రెండు చేతులతో కిందికి లాగుతూ ఎక్కించాలి. టైరు వంకర లేకుండా సర్ది, గాలి నింపి, ఒక రోజంతా ముట్టుకోకండి. మొదటిసారి మీకు వేళ్లు, చొక్కా, వంటింటి గట్టు అన్నీ జిగురవుతాయి కాబట్టి బయట చేసుకోండి.

ప్రశ్న (కోవెంట్రీ నుంచి): 1970ల సైకిళ్లలో పళ్లచక్రాలకి, బ్రేకు లీవర్లకి నిండా రంధ్రాలు కనిపిస్తున్నాయి. నాది 1977 ఫ్రేము, నేను కూడా డ్రిల్లు పట్టనా?

జవాబు: ఆ పిచ్చి తలకెక్కితే దిగదు, నాకు తెలుసు. దాని వెనక ఉన్న పెద్ద పేరు ఆల్ఫ్ ఎంగర్స్. 1978 ఆగస్టు 5న 25 మైళ్లను 49 నిమిషాల 24 సెకన్లలో తొక్కారు. పోటీలో 50 నిమిషాల లోపు వచ్చిన మొదటి మనిషి ఆయనే, అంటే గంటకి 30 మైళ్లు దాటిన వేగం. ఆయన సైకిల్ సామాన్లో వీలైన చోటల్లా రంధ్రాలే. గ్రాముల లెక్క కంటే, మనిషి తన సైకిల్‌లో ప్రతి ముక్కనీ చేత్తో పట్టుకుని దీని గురించి ఆలోచించాడే, ఆ శ్రద్ధ నన్ను కట్టిపడేస్తుంది.

మీరు చేసుకోండి, కానీ పళ్లచక్రాలు, బ్రేకు లీవర్లు, అంతవరకే. పళ్లచక్రమైనా బోల్టుల దగ్గర, పళ్ల మొదళ్ల దగ్గర వదిలేయండి. ప్రతి రంధ్రం అంచునీ నున్నగా రుద్దాలి, పగులు మొదలయ్యేది ఆ గరుకు అంచులోనే. హ్యాండిల్, దాని కాడ, సీటు పోస్టు, క్రాంకుల జోలికి మాత్రం పోవద్దు. అల్యూమినియం అలిసిపోయే లోహం, పైకి మెరుస్తూనే లోపల పగులుతుంది. నా మొదటి సైకిల్‌కి ఎవరి దగ్గరో కొన్న పాత హ్యాండిల్ పెట్టాను, అప్పటికే ఎవరో కాడ బిగించే చోట నునుపుకోసం ఆకురాయితో రుద్దేశారు, నేను చూసుకోలేదు. ఒక చిన్న ఎత్తులో నిలబడి తొక్కుతుంటే కుడివైపు ముక్క చేతిలోకి వచ్చేసింది. మెల్లగా వెళ్తున్నాను కాబట్టి మోచేయి గీరుకుని పోయింది. అప్పటినుంచి పాత హ్యాండిల్ ఏది కొన్నా కాడలోంచి పూర్తిగా బయటికి తీసి, తుడిచి, ఎండలో భూతద్దం పెట్టి చూడకుండా బిగించను.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ నుంచి): నాకు 1950లు కాదు, 1980ల సైకిళ్లు ఇష్టం. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం, ఫ్రేము ముందుకి వాలినట్టుండేవి. అవి ఎందుకలా ఉండేవి, ఇప్పుడు తొక్కనిస్తారా?

జవాబు: బరువు కంటే గాలే పెద్ద శత్రువని లోకానికి గట్టిగా తెలిసొచ్చిన కాలం అది. గంటసేపట్లో ఎంత దూరం వెళ్లగలరనే రికార్డు కోసం బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో 49.431 కిలోమీటర్లు వెళ్లింది గుండ్రటి గొట్టాల తేలిక స్టీలు సైకిల్ మీద. 1984 జనవరిలో అదే నగరంలో ఇటలీ రేసర్ ఫ్రాంచెస్కో మోజర్ ఎద్దుకొమ్ముల్లాంటి హ్యాండిల్, పళ్లెంలాంటి డిస్కు చక్రాలతో వచ్చి, నాలుగు రోజుల తేడాలో రెండుసార్లు తొక్కి, 51.151 దాకా తీసుకెళ్లారు. ఆ సైకిల్ మెర్క్స్ సైకిల్ కంటే బరువైనదే! ముందు చక్రం చిన్నదైతే మనిషి ముందుభాగం కిందికి దిగుతుంది, జట్టుగా తొక్కేటప్పుడు ముందువాడి చక్రానికి ఇంకాస్త దగ్గరగా ఉండొచ్చు, అదీ కారణం.

తర్వాత 1989లో టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజు. వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు. అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్, ముందున్న ఫ్రాన్స్ రేసర్ లారెంట్ ఫిన్యోన్ కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నారు. మోచేతులు ఆనించుకునే హ్యాండిల్ లెమాండ్‌ది, ఫిన్యోన్‌ది మామూలు కొమ్ముల హ్యాండిల్, హెల్మెట్ కూడా లేదు, జుట్టు వెనక ముడి. మూడు వారాల పోటీ 8 సెకన్ల తేడాతో లెమాండ్ గెలిచారు. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ ఫిన్యోన్ కోసం గుండె పట్టేస్తుంది.

అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 1996లో స్విట్జర్లండ్‌లోని లుగానోలో రాసుకున్న నిబంధనలు 2000 నుంచి అమల్లోకి వచ్చాక రెండు చక్రాలూ ఒకే కొలత ఉండాలన్నారు, ఆ సైకిళ్లు పెద్ద పోటీల నుంచి వెళ్లిపోయాయి. బ్రిటన్ క్లబ్బు పోటీలకి వేరే నిబంధనలున్నాయి, మీ సైకిల్ ఫొటో నిర్వాహకులకి పంపి ముందే అడిగేయండి. కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ముందు చక్రానికి టైరు దొరుకుతుందా? 24 అంగుళాల ట్యూబులర్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. ఫ్రేము చౌకగా వచ్చిందని సంబరపడకండి, చక్రాలతో సహా వస్తేనే కొనండి.

ప్రశ్న (లీడ్స్ నుంచి ఒక పాఠకురాలు): మీ వ్యాసంలో అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు ఈ సైకిళ్లు తొక్కలేదా?

జవాబు: తప్పు నాదేనండీ, పైగా మీరు రాసింది లీడ్స్ నుంచి. మీ ఊరి బెరిల్ బర్టన్ పేరు మొదటి పేరాలోనే ఉండాల్సింది. మోర్లీ క్లబ్బు మనిషి, రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్కల తోటలో కూలిపని చేస్తూ ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచారు. ఏడాది మొత్తంలో టైమ్ ట్రయల్స్‌లో అందరికంటే మెరుగైన మహిళకి ఇచ్చే బిరుదు 1959 నుంచి 1983 దాకా వరసగా 25 ఏళ్లు ఆమెదే.

1967లో ఓట్లీ క్లబ్బు 12 గంటల పోటీ. మగవాళ్లలో ఆఖరివాడు బయల్దేరిన రెండు నిమిషాలకి ఆమె బయల్దేరారు. గంటలు గడిచేకొద్దీ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్లి, చివరికి మగవాళ్ల రికార్డు బద్దలుకొట్టే ఊపులో ఉన్న మైక్ మెక్‌నమారాని కూడా అందుకున్నారు. పక్కకి రాగానే జేబులోంచి లికోరైస్ మిఠాయి తీసి ఆయనకి ఇచ్చారు, ఆయన తీసుకుని తిన్నారు, ఆమె ముందుకి వెళ్లిపోయారు. ఆయన 276.52 మైళ్లతో మగవాళ్ల కొత్త రికార్డు పెట్టారు, ఆమె 277.25. మగవాళ్లు ఆ దూరాన్ని దాటడానికి రెండేళ్లు పట్టింది, ఆడవాళ్లలో 2017 దాకా ఆ రికార్డు నిలిచింది. మీరు మీ క్లబ్బులో చేరి తొక్కండి, తొక్కి నాకు రాయండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): కార్బన్ సైకిల్ కొంటే ఎన్ని నిమిషాలు కలిసొస్తాయి? పాతదాని మీద అంత కష్టం దేనికి?

జవాబు: నా మటుకు 10 మైళ్లకి రెండు నిమిషాల పైచిలుకు. వేగమే కావాలంటే కార్బనే కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. నాకు కావాల్సింది వేరే: రే బూటీ అనే బ్రిటిష్ రేసర్ 1956లో 100 మైళ్లను 3 గంటల 58 నిమిషాల 28 సెకన్లలో తొక్కారని చదివితే అది ఒక అంకె. నాలుగు గంటల లోపు ఎవరూ రాని రోజులవి. అలాంటి స్టీలు సైకిల్ మీద పది మైళ్లు ఒళ్లు హూనం చేసుకుని తొక్కాక ఆ అంకె నాకు కాళ్లలో అర్థమైంది. మీ ఊళ్లో తొక్కాలంటే ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సోలార్ కప్పుతో కట్టిన సైకిల్ దారి ఉంది కదా, పొద్దున్నే జనం లేనప్పుడు వెళ్లండి, ఫిక్స్‌డ్ అలవాటు చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తట్టడం లేదు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): మా తాతగారి హెర్క్యులిస్ సైకిల్ అటక మీద ఉంది. మడ్‌గార్డులు, కారియర్, స్టాండు తీసేసి, హ్యాండిల్ మార్చి టైమ్ ట్రయల్ సైకిల్ చేయొచ్చా అండీ?

జవాబు: దయచేసి చేయకండి. అది బస్తా బియ్యం మోయడానికి కట్టిన సైకిల్. ఫ్రేము బాగా వాలుగా ఉంటుంది, చక్రాల మధ్య దూరం ఎక్కువ, ఊచల బ్రేకులు, 28 అంగుళాల బరువైన చక్రాలు. ఎంత విప్పినా అది పోటీ సైకిల్ కాదు, విప్పాక తాతగారి సైకిల్ కూడా కాదు.

కానీ ఆ పేరుకి ఈ లోకంతో సంబంధం లేదనుకోకండి. హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్ కంపెనీ, తర్వాత ఆ పేరుతో మద్రాసులో టీఐ సైకిల్స్ వాళ్లు చేశారు. అదే హెర్క్యులిస్ కోసం ఐలీన్ షెరిడాన్ అనే ఆమె 1954లో ఇంగ్లండు నైరుతి కొస నుంచి స్కాట్లండు ఉత్తరపు కొస దాకా, దాదాపు 870 మైళ్లు, 2 రోజుల 11 గంటల 7 నిమిషాల్లో తొక్కారు. అక్కడితో ఆగక వెయ్యి మైళ్లు నిండేదాకా వెళ్లారు. గడియారంతోనే పోటీ. కాబట్టి మీ అటక మీద ఉన్నది ఆ ఇంటి పేరే.

దాన్ని దించండి. పెడల్ ఇరుసు, హబ్బులు విప్పి, పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, బాల్స్ కొత్తవి వేసి, చక్రాలు బెండు తీయించండి. 28 అంగుళాల టైర్లు మీ ఊళ్లోనే దొరుకుతాయి. రంగు వేయించొద్దు, గుడ్డకి కాస్త నూనె రాసి తుడిస్తే చాలు. చైను కవరు మీద గానీ మడ్‌గార్డు మీద గానీ తాతగారు పేరు రాయించుకుని ఉంటే అక్కడ చాలా మెల్లగా తుడవండి.